గేము పెట్టెల పట్టికలో చివరి వరుస

సోమలింగానికి చెవులు సరిగా వినపడవన్న సంగతి సూరత్ లింబాయత్‌లో వాళ్ల గల్లీ మొత్తానికి తెలుసు. ఎవరికీ తెలియదనుకునేది ఒక్క సోమలింగమే. ఎవరేం చెప్పినా ఒక చిరునవ్వు నవ్వి, "ఔ, నిజమే" అంటాడు. అని, తన గుట్టు భద్రంగా ఉందని సంబరపడతాడు. ఆ మధ్య పక్కింటి కనకవ్వ తన మరిది పోయాడని చెప్పి కళ్లొత్తుకుంటే, "ఔ, మంచిదే అయింది" అన్నాడు. కనకవ్వకు ఆయన సంగతి ముందే తెలుసు కాబట్టి గొడవ కాలేదు.

పదిహేడో ఏట సిరిసిల్ల పక్క ఊరి నుంచి సూరత్ వచ్చినవాడు. ముప్పై ఏళ్లుగా సాంచాల మధ్యే, ఆ మరమగ్గాల మధ్యే బతుకు. ఇప్పుడు ఊరి బయట జోల్వాలో ఒక కార్ఖానాలో వాటిని బాగుచేసే మిస్త్రీ. సాంచాలు ఆడుతున్న షెడ్డులో మనిషి గొంతు మనిషికి అందదు. అందుకే అక్కడ మాటలన్నీ చేతులతోనే. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలూ చూపుడువేలూ కలిపి తిప్పితే ముడి వేశాను, నడిపించమని. సోమలింగం ఈ సైగలు ఇంట్లో కూడా తెలియకుండా చేసేస్తుంటాడు. ఇది కార్ఖానా కాదని భార్య మంగ విసుక్కుంటుంది.

చెవులు పోతే పోయాయి గాని, ఆ చేతుల పనితనం మాత్రం చూసి తీరాలి. సాంచా చట్రం మీద అరచెయ్యి ఆనించి రెండు నిమిషాలు నిలబడతాడు. ఏ బోల్టు వదులైందో, ఏ చక్రం పన్ను అరిగిందో చెప్పేస్తాడు. కొత్తగా వచ్చిన ఇంజినీరొకాయన మూడు రోజులు వెతికి దొరకబుచ్చుకోలేని జబ్బును సోమలింగం చాయ్ చల్లారేలోపు పట్టుకున్నాడు. ఆ సంగతి ఆయన ఇప్పటికీ అడక్కుండానే చెబుతాడు.

ఆయనకు ఒక్కతే కూతురు, జమున. బీకాం రెండో ఏడు చదువుతోంది. పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే. తల్లితో తెలుగు, స్నేహితులతో గుజరాతీ, కోపమొస్తే హిందీ. సాయంత్రాలు చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోనులో గేములాడుతూ ఉన్నట్టుండి పడీపడీ నవ్వుతుంది. ఏందే నవ్వుతున్నవని సోమలింగం అడుగుతాడు. ఆమె చెబుతుంది. ఆయనకు సగమే అందుతుంది. మళ్లీ అడుగుతాడు. ఆమె మళ్లీ చెబుతుంది. మూడోసారి అడగడానికి మొహం చెల్లక "ఔ ఔ" అని తనూ నవ్వేస్తాడు. ఎందుకు నవ్వాడో ఆయనకే తెలియదు. ఒకే గదిలో, ఒకే మంచం మీద కూర్చుని, కన్నకూతురి నవ్వుకు కారణం తెలియకపోవడం ఆయనను లోపల్లోపల తినేస్తోంది.

అందుకే దీపావళికి ముందు జమున టీవీకి తగిలించుకునే గేము పెట్టె కావాలని అడిగినప్పుడు, మాట పూర్తి కాకముందే సరేనన్నాడు. తన బోనసుకు ఆమె ట్యూషన్లు చెప్పి దాచుకున్నది కలిపితే నలభై వేల దాకా వస్తుందన్నాడు. మంగ నోరెళ్లబెట్టింది. మిక్సీ కొనడానికి పన్నెండు రోజులు వాదించిన మనిషి మరి. సోమలింగం లెక్క వేరు. ఫోను ఒక్కరి వస్తువు. టీవీ ముందు ఇద్దరికి చోటుంటుంది. పైగా ఆ పెట్టెకు రెండు రిమోట్లు ఉంటాయని ఆయన ఎక్కడో చూశాడు. రెండోది తన చేతిలో ఉంటుందని, కూతురి పక్కన కూర్చుని ఆడతానని ఆయన ఆశ. అది నోరు విప్పి అడిగే రకం కాదు ఆయన.

దీపావళికి సాంచాలు ఆగిపోయాయి. గల్లీలో సగం మంది ఊళ్లకు బయలుదేరారు. జమునకు పరీక్షలున్నాయని వీళ్లు ఆగిపోయారు. ఆ సెలవుల్లో జమున పాత కాలెండరు కాగితం తిరగేసి, వెనకవైపు స్కేలు పెట్టి గళ్లు గీసింది. పైన మూడు పేర్లు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్సులో చిన్నది, స్విచ్. పక్కన వరుసగా ధర, బొమ్మ నాణ్యత, ఆటలు, రిపేరు, శబ్దం. అన్నీ హిందీలో రాసింది.

సోమలింగం కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాడు. ప్లేస్టేషన్ యాభై వేలు దాటుతుంది, బొమ్మ అద్భుతం, సీడీ పెట్టుకోవచ్చు. ఎక్స్‌బాక్సు చిన్నది ముప్పై అయిదు వేల పైన, సీడీకి చోటు లేదు, కానీ నెలనెలా చందా కడితే బోలెడు ఆటలు. దాని రిమోట్లో పెన్సిలు సెల్లులు వేయాలని చదివి, గోడగడియారమా ఇది అని ముఖం చిట్లించాడు. స్విచ్ ముప్పై వేలకు అటూ ఇటూ, చేత్తో పట్టుకుని బయటికీ తీసుకెళ్లొచ్చు. అయితే విదేశం నుంచి తెప్పించి అమ్మేది, ఇక్కడ కంపెనీ రిపేరు ఉండదు. ఇది చదవగానే సోమలింగం తల అడ్డంగా ఊపాడు. మిస్త్రీ దొరకని సాంచాను ఉచితంగా ఇచ్చినా తీసుకోడు ఆయన.

తర్వాత శబ్దం వరుస దగ్గరికొచ్చాడు. 'వెనక నుంచి వచ్చే అడుగుల చప్పుడు కూడా వినిపిస్తుంది, ఆట సగం చెవులతోనే' అని రాసి ఉంది. మూడింటికీ ఎదురుగా టిక్కులున్నాయి.

ఆ ఒక్క వరుస ఆయనను కూల్చేసింది. ఆట సగం చెవులతోనట. అంటే తన బోనసు పెట్టి, తననే బయట కూర్చోబెట్టే వస్తువు ఇంకోటి కొని తెస్తున్నాడన్నమాట. జమున చేతిలోంచి పెన్ను తీసుకుని, అట్టడుగున తన తెలుగు అక్షరాలతో ఇంకో వరుస చేర్చాడు. ఊపు.

జమునకు తెలుగు చదవడం అంతంతమాత్రం. అక్షరాలు కూడగట్టుకుని అడిగింది. "ఊపు అంటే ఏంది బాపు?"

"మిషిని నడిచేటప్పుడు మీద చెయ్యి పెట్టి సూడకుంట ఎవడన్న కొంటడా బిడ్డా? ఊపు జూస్తెనే దాని సంగతి తెలుస్తది."

బాపుకు సాంచాల పిచ్చి అనుకుని జమున నవ్వి ఊరుకుంది. చెవులు చేయలేని పని చేతులతో అవుతుందేమోనని ఆయన వెతుకుతున్నట్టు ఆమెకేం తెలుసు?

మర్నాడు తండ్రీకూతుళ్లు సిటీ బస్సెక్కి వేసూలో పెద్ద మాలుకు వెళ్లారు. అక్కడ మిగతావి అద్దాల వెనక డబ్బాల్లో ఉన్నాయి. ప్లేస్టేషన్ ఒక్కటే ఆడి చూసేందుకు బయట పెట్టారు, కానీ దాని రిమోటు కోసం పెద్ద వరుస ఉంది. సోమలింగం వరుసలో ఎందుకు నిలబడతాడు? నేరుగా పెట్టె దగ్గరికెళ్లి, దాని వీపు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది. కళ్లు తెరిచి, ఇది బందయింది, నడిచేది చూపించమని అక్కడ అమ్మే ఆవిడకు హిందీలో చెప్పాడు.

ఆవిడ టీవీ వైపు వేలు చూపించింది. తెర మీద ఎవరో కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. సోమలింగం మళ్లీ చెయ్యి పెట్టి చూశాడు. నడిచే మిషను ఊగకుండా ఉండడం ఆయన జన్మలో చూడలేదు. టీవీలో వచ్చేది వేరే బొమ్మ అయి ఉంటుందని వాదించాడు కూడా. వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. జమునకూ నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వినందుకు బాధ కూడా వేసింది. తండ్రి చెవి దగ్గరగా వంగి, ఇవి ఊగకూడదు బాపు, ఊగకపోతేనే మంచివని చెప్పింది.

సోమలింగం ఆ మాట విన్నాడు. కాగితం తీసి ఊపు వరుసలో సున్నా చుట్టాడు. మిగతా రెండింటికీ అదే గతి అనుకుని వాటి గళ్లలోనూ సున్నాలు పెట్టేశాడు. జమున చివరికి చిన్న ఎక్స్‌బాక్సు పేరు చుట్టూ గీత గీసింది. కొత్తది, తాము అనుకున్న ధరకు వస్తుంది, ఆటలకు లోటుండదు. నీ ఇష్టం బిడ్డా అన్నాడు సోమలింగం. మంచి మాటే, కానీ ఆ మాట అన్న మనిషి ముఖంలో కళ లేదు. సంతోషంగానే ఉందామనుకున్నాడు. పిల్ల ఆడుకుంటుంది, తను పక్కన కూర్చుని తెర చూస్తాడు, అది మాత్రం తక్కువా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. మనసు సర్దుకోలేదు.

కొనేముందు పాత వస్తువుల ధర కూడా చూద్దామని జమున దారిలో రింగ్ రోడ్డు దగ్గర దింపింది. మెట్ల కింద ఇరుకు దుకాణం. వాడిన గేము పెట్టెలు కొని, బాగుచేసి అమ్మే నడివయసు సేఠ్ ఒకాయన స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన ముందు ఒక ప్లేస్టేషన్ కడుపు తెరుచుకుని ఉంది. పంకా రెక్కలకు పట్టిన నూగును బ్రష్షుతో తీస్తున్నాడు. అది చూడగానే సోమలింగానికి ప్రాణం లేచొచ్చింది. ఇద్దరు మిస్త్రీలకు పరిచయాలు అవసరమా? చూస్తుండగానే చాయ్ వచ్చింది.

ఆ ప్లేస్టేషన్ రెండు రిమోట్లతో ముప్పై ఎనిమిది వేలు, ఆరు నెలలు తనదే పూచీ అన్నాడు సేఠ్. చూసుకొమ్మని మూత బిగించి, టీవీకి తగిలించి, కార్ల పందెం పెట్టి, ఒక రిమోటు సోమలింగం చేతుల్లో పెట్టాడు.

కారు కదిలింది. సోమలింగం ఉలిక్కిపడ్డాడు. రిమోటు ఆయన అరచేతుల్లో సన్నగా గురగురలాడింది. కారు మలుపు తిరిగితే ఒక చేతిలో ఎక్కువైంది, ఇంకో చేతిలో తగ్గింది. వంతెన ఎక్కితే టకటకమని అతుకులు లెక్కపెట్టినట్టు కొట్టింది. ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? ఆయన కళ్లు వాటంతటవే మూతబడ్డాయి.

"ఎడమ దిక్కు చక్రం గడ్డి మీదికి వొయింది," అన్నాడు.

జమున తెర వైపు చూసింది. నిజమే, ఎడమ చక్రం రోడ్డు దిగి గడ్డిలో ఉంది.

"ఇప్పుడు కంకర. రెండు దిక్కులా కంకరే."

అదీ నిజమే. మరుక్షణం కారు వెళ్లి గోడకు గుద్దుకుంది, అది వేరే సంగతి. సోమలింగం కళ్లు తెరిచాడు. జమున తెరను వదిలేసి తండ్రి చేతుల వంకే చూస్తోంది. ఊపు అని రాసిన వరుస ఏమిటో, ఆయన ఎందుకు రాశాడో, మాలులో ఎందుకంత మొండిగా నిలబడ్డాడో ఆమెకు ఒక్కసారే అర్థమైంది.

"ఇది నీకు ఇనవడ్తుందా బాపు?"

చెవుల గురించి సూటిగా అలా ఆయనను అడిగినవాళ్లు ఇన్నేళ్లలో లేరు. అబద్ధమాడే అవకాశం ఉంది, అలవాటూ ఉంది. కానీ ఆయన ఆడలేదు.

"చెవులకు ఏమీ ఇనవడ్తలేదు బిడ్డా. చేతులకు మంచిగ ఇనవడ్తుంది."

జమున ఎక్స్‌బాక్సు రిమోటు కూడా అడిగి తండ్రి చేతిలో పెట్టింది. అదీ ఊగింది, బాగానే ఊగింది. కానీ గడ్డికీ కంకరకూ తేడా అడిగితే ఆయన నసిగాడు. జమున కాగితం తీసి, ప్లేస్టేషన్ చుట్టూ కొత్త గీత గీసి, చిన్న ఎక్స్‌బాక్సు చుట్టూ గీసిన గీతను కొట్టేసింది. కొత్తదన్న ముచ్చటా, చందాకు వచ్చే బోలెడు ఆటలూ దానితోపాటే కొట్టుకుపోయాయి. రెండేళ్లుగా వాటి గురించే కలలు కన్న పిల్ల ఆమె. అయినా చెయ్యి తడబడలేదు.

పాత వస్తువుకు అంత పోస్తారా అని ఇంట్లో మంగ కొంగు బిగించింది. జమున దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "దీన్ల సీడీ వెట్టేటందుకు జాగ ఉన్నదమ్మా. పాత సీడీలు సస్తల దొరుకుతయ్." సోమలింగం పక్కనే నిలబడి, "ఔ, నిజమే" అన్నాడు. ఈసారి జమున ఏమందో ఆయనకు తెలుసు.

సాయంత్రం మంగ వంటింట్లోకి వెళ్లాక పెట్టె తగిలించారు. తెర రెండుగా చీలింది. పై సగంలో జమున కారు, కింది సగంలో సోమలింగం కారు. ఇంజిన్ల హోరు మొదలైంది. జమున తన చెవి తీగల కోసం చెయ్యి చాచింది. చాచి, ఆగి, వాటిని అలమారలో పెట్టేసింది. తర్వాత టీవీ రిమోటు తీసుకుని శబ్దం తగ్గించడం మొదలుపెట్టింది. తెర మీద అంకె ఇరవై నుంచి పదికి, పది నుంచి సున్నాకు దిగడం సోమలింగం చూశాడు. తన ఆట రిమోటును రెండు అరచేతుల్లో బిగించి పట్టుకున్నాడు.

గది నిశ్శబ్దమైపోయింది. సోమలింగం మూడో మలుపులోనే కారును కాలవలో దించాడు. జమున తెర మీద నుంచి చూపు తిప్పకుండానే ఒక చెయ్యి గాల్లోకి ఎత్తి, రెండు వేళ్లు కత్తెరలా ఆడించింది. పోగు తెగింది. ఆ సైగ ఆమెకు ఎవరూ నేర్పలేదు. సోమలింగం వేళ్లు కలిపి ముడి వేసినట్టు తిప్పి, కారును మళ్లీ రోడ్డు మీదికి తెచ్చాడు. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఎందుకు నవ్వారో ఇద్దరికీ తెలుసు.

చప్పుడు ఆగిపోయిందేమిటి, అప్పుడే పాడైందా అని మంగ వంటింట్లోంచి అరిచింది. ఒకరికి వినపడలేదు. ఇంకొకరు వినిపించుకోలేదు.