పెదవుల దాకా వచ్చిన బొండం

డయాలిసిస్ చేయించుకుంటున్న మా చెల్లెలు రోజంతా తాగే నీళ్లను కొలిచి రాసిపెట్టడం నా బాధ్యత. టెక్కలిలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. రాయనిదే నాకు తోచదు. కవిటిలో మా ఇంటి చుట్టూ కొబ్బరితోటలే, అయినా ఆమెకు కొబ్బరినీళ్లు నిషిద్ధం. పాడైన కిడ్నీలు అందులోని పొటాషియాన్ని బయటికి పంపలేవని, గుండెకే ముప్పని డాక్టరు మరీమరీ చెప్పారు.

ఒకరోజు ఒక సినిమా నటి మా ఊరికి వచ్చారు. ఒకప్పుడు కథానాయిక, తరువాత తల్లి పాత్రలు. కొన్నేళ్లుగా సినిమాలు తగ్గించుకొని, మా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ రోగులను పలాస ఆసుపత్రికి చేర్చే వ్యాన్లు నడిపిస్తున్నారు. చెల్లెలు వెళ్లేదీ ఆ వ్యానులోనే. పడుచుతనంలో ఆవిడ సినిమా కోసం కంచిలి దాకా నడిచిన మనిషి మా చెల్లెలు, ఆవేళ పట్టుచీర కట్టింది.

అతిథికి బొండం కొట్టి ఇవ్వడం మా మర్యాద. ఆవిడకు సన్మాన సభ పెట్టిన ఊరి పెద్దలు అంతటితో ఆగలేదు. ఫొటో కోసం ఆ బొండాన్నే నటి చేత చెల్లెలి నోటికి పెట్టించారు. చెల్లెలు కాదనలేక నోరు తెరిచింది. నేను కుర్చీ తన్నుకుంటూ లేచి అరిచాను.

"ఒక్క గుక్కకేటవుద్ది మావా! అంత పెద్ద మనిషి సేత్తో ఇత్తంటే!" అన్నాడు సభ నడిపే ఆయన.

నటి మాత్రం చటుక్కున బొండం వెనక్కి తీసుకున్నారు. సంగతి విని, తానూ ముట్టలేదు.

కానీ ఫొటో అప్పటికే తీసేశారు. సాయంత్రానికి అది ఊరూరా ఫోన్లలో తిరిగింది. మర్నాడు, చెల్లెలితో పాటే డయాలిసిస్‌కు వెళ్లే పక్కింటావిడ, నాకు మరదలు వరస, బొండం పట్టుకొని వచ్చింది.

"ఆవిడే తాగించీసింది కదా బావా, ఇంకేటి బయం?"

నా ఒళ్లు మండిపోయింది. వెంటనే వ్యాను డ్రైవరు ద్వారా నటికి కబురు చేయించాను. ఏదో సర్దిచెప్తారనుకున్నాను. కాసేపటికే వీడియో వచ్చింది: రంగు వేసుకోని ముఖం, నెరిసిన జుట్టు. "ఆ ఫొటోలో నేను చేసింది తప్పు. తెలుసుకోకుండా చేశాను. కిడ్నీ జబ్బున్న మీరెవరూ కొబ్బరినీళ్లు తాగకండి. ఆ ఫొటో వెళ్లిన ప్రతి ఫోనుకూ ఇది కూడా పంపండి."

చెల్లెలు మళ్లీ పెట్టించుకొని చూసింది. "ఎన్ని సినిమాలు సూసినాను అన్నయ్యా! తప్పు నాదని ఒప్పుకున్న యేసం ఒక్కటీ ఎయ్యలేదు."

పక్కింటావిడ బొండాన్ని నా చేతిలో పెట్టింది. "అయితే ఇది నువ్వే తాగీ బావా. కోపం సల్లారుద్ది."

ఆ పెద్దల మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. బొండం మాత్రం, తాగకూడని ఆ ఇద్దరాడవాళ్ల కంటా పడకుండా, వీధిలోకి పోయి తాగాను.