నాలుకకు తగలనంత నునుపు

ఉదయం ఎనిమిదింటికి పనిబల్ల ముందు కూర్చోగానే మేస్త్రి ఫోన్ తీసి, పాత వెండి నాణేలు అమ్మే సైటులో మూడు మాటలు కొట్టేవాడు: రాజు తల, తోమినది, పాలిష్. తక్కిన కొనుగోలుదారులు తోమిన నాణెం కనిపిస్తే తేలును చూసినట్టు పక్కకు తప్పుకుంటారు. ఈయన దాన్నే వెతికాడు. ఒకటీ రెండూ కాదు, ఆరేళ్ళు.

ఆయన పళ్ళ మేస్త్రి. డాక్టర్లు కొలతలు తీసి పంపితే కట్టుడు పళ్ళు, తొడుగులు చేసిపెడతాడు. గది చిన్నది. అరల నిండా ప్లాస్టర్ అచ్చులు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. కిటికీ దగ్గర పాలిష్ చక్రం, దాని పక్కన గాజుపెట్టెలో సున్నితపు త్రాసు. ఈ పనిలో ఆయనకు రెండు నియమాలు. లోహం ఏది బల్ల మీదకు వచ్చినా ముందు తూచి చీటీ రాయాలి, పని అయ్యాక మళ్ళీ తూచి రాయాలి. రెండోది ఆయనకు పని నేర్పిన పెద్దాయన చెప్పింది: నాలుకకు తగలకూడదు. కంటికి కనిపించని గరుకును కూడా నాలుక పట్టేస్తుంది. ఇక మనిషి రోజంతా అక్కడే తడుముకుంటాడు. అందుకని నాలుకకు ఏమీ దొరకనంత వరకు చక్రం ఆపకూడదు.

ఆ రెండో నియమమే ఆయన కొంప ముంచింది.

మేస్త్రి తండ్రికి చివరి ఇరవై ఏళ్ళు చూపు లేదు. చొక్కా జేబులో ఒక పాత వెండి నాణెం ఉండేది. దాన్ని చేతిలో పెట్టుకుని బొటనవేలితో రుద్దుతూ కూర్చునేవాడు. చూపున్న రోజుల నుంచీ అదే అలవాటు. నలభై ఏళ్ళ రుద్దుడికి నాణెం మీది రాజు చెంప అరిగి గుంట పడింది. మధ్యమధ్య అంచు మీది గాట్లను గోటితో గీకేవాడు. ర్ర్‌ర్ అని చప్పుడు వచ్చేది. ఆయన ఏ గదిలో ఉన్నాడో ఇంట్లోవాళ్ళకు ఆ చప్పుడే చెప్పేది.

"మీ రాజుగారికి దవడ పన్ను పీకేసినట్టున్నారురా, చెంప లోపలికి పోయింది. ఒకటి కట్టిపెట్టకూడదూ?" అని కొడుకును ఆటపట్టించేవాడు.

తండ్రికి ఎనభై నిండుతున్నాయి. నాణెం బొగ్గుముక్కలా ఉంది. ఆయన నిద్రపోతున్నప్పుడు కొడుకు దాన్ని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. అలవాటు కొద్దీ చీటీ రాశాడు. పేరు: నాన్న. పని: పాలిష్. పనికి ముందు బరువు: 24.31 గ్రాములు. గంటన్నర పాలిష్ పట్టాడు. ఒకసారి చక్రం జారి రాజు చెవి కింద నెలవంకలా సన్నటి గీత పడింది. తక్కినదంతా అద్దం. చివర్లో నాలుకతో తాకి చూసుకున్నాడు. ఏమీ తగల్లేదు. ఆ సంబరంలో రెండోసారి తూచడం మరిచిపోయాడు.

తండ్రి దాన్ని అందుకుని బొటనవేలు ఆనించాడు. వేలు ఆగిపోయింది.

"ఇది నాది కాదురా."

"నీదే నాన్నా. తోమాను, అంతే."

"నా గుంటేదీ?"

"ఉంది. అంచులు నునుపయ్యాయి, అందుకే తెలియడం లేదు."

"కళ్ళు లేవు గానీ వేళ్ళున్నాయి కదరా నాకు. మార్చేశావు." గొంతు పెంచలేదు. "డబ్బు అవసరమైతే అడగాల్సింది. ఇచ్చేవాణ్ణి కదరా."

అక్కడే ఉన్న చెల్లెలు అన్నను వరండాలోకి పిలిచింది. "నా మీద ఒట్టు, నిజం చెప్పు అన్నయ్యా. మార్చలేదు కదా?" అని అడిగింది.

ఆ తర్వాత తండ్రి పదకొండు రోజులు బతికాడు. నాణెం మళ్ళీ ముట్టుకోలేదు. ఉత్త చూపుడువేలి మీద బొటనవేలు ఆడుతూనే ఉండేది. శ్వాస ఆగడానికి ముందు కూడా ఆడింది.

బీరువా తెరిచినప్పుడల్లా ఆ మెరుపు కంట్లో పొడిచేది. నెలకల్లా మేస్త్రి దాన్ని బజారులో పాత సామాన్లు కొనే అతనికి ఇచ్చేశాడు. "తోమి చంపేశారు సార్. వెండి ధరే వస్తుంది," అన్నాడతను. ఇచ్చిన డబ్బు మేస్త్రి లెక్కపెట్టుకోలేదు.

వారం హాయిగా నిద్రపట్టింది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం భోంచేస్తుంటే వెనక గదిలో ర్ర్‌ర్ మంది. భార్య వెళ్ళి చూసి వచ్చింది.

"ఎలకలండీ."

బోను పెట్టారు. ఎలక పడలేదు. చప్పుడు ఆగలేదు. అది వినపడినప్పుడల్లా మేస్త్రికి ఒకే అనుమానం వచ్చేది. ఆ రోజు బల్ల మీద ఇంకో నాణెం ఏదైనా ఉందా? ఎవరైనా తొడుగు చేయడానికి కరిగించమని ఇచ్చిన వెండి? నేనే పొరపాటున మార్చానా? లేదని తెలుసు. తెలిసినా, ఆరు నెలలు గడిచేసరికి ప్రమాణం చేసి చెప్పలేని స్థితికి వచ్చాడు. బజారు మనిషి దగ్గరకు పరుగెత్తితే, ఎప్పుడో ఆన్‌లైన్‌లో పోయిందన్నాడు.

అలా మొదలైంది వెతుకులాట. దొంగ నాణేలు ఎలా ఉంటాయో మేస్త్రి త్వరగానే నేర్చుకున్నాడు. ఒకటి బరువు సరిపోయింది గానీ అంచు చుట్టూ అతుకు గీత ఉంది. ఇంకొకదాని మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న బెజ్జాలు. పోత చెడిన పంటి తొడుగు మీద ఆయన రోజూ చూసే బెజ్జాలే అవి. "వీడెవడో మా కులంవాడే," అని నవ్వుకున్నాడు. నాణేల గ్రూపులో కుర్రాళ్ళు మాత్రం ఆయనకు తోముడు మావయ్య అని పేరు పెట్టారు. ఎవరికైనా పాడైన నాణెం తగిలితే, "మావయ్యకు పంపండ్రా, కళ్ళకద్దుకుంటాడు" అనేవారు.

భార్య ఊరుకుంటుందా? "రెండు గిన్నెలు తోమి పెట్టమంటే నడుం నొప్పి. ఎవరో తోమిన నాణేలకు మాత్రం పొద్దున్నే ముస్తాబు."

మొన్న వేసవిలో ఒక కొత్త అమ్మకందారు ఫోటో పెట్టాడు. మేస్త్రి అతనికి ఫోన్ చేశాడు.

"తళతళలాడిపోతోంది సార్, మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు."

"తోమారా?"

"మీతో అబద్ధమెందుకు సార్, ఎవరో తోమారు. నేను కాదు."

"మంచిది. కిటికీ దగ్గర పెట్టి, వెలుగు పక్కనుంచి పడేలా ఒక ఫోటో తీసి పంపు బాబూ. చెవి కింద దగ్గరగా ఇంకోటి."

"అందరూ తోమిందేమోనని భయపడతారు. మీరేంటి సార్, తోమలేదేమోనని భయపడుతున్నారు?"

ఫోటోలు వచ్చాయి. పక్కవెలుగులో సన్నటి గీతలు బయటపడ్డాయి. కుడిచేతివాళ్ళు పట్టిన పాలిష్ ఒక వైపు వాలుతుంది. ఇవి రెండో వైపు వాలాయి. మేస్త్రిది ఎడమచేతి వాటం. చెవి కింద నెలవంక ఉంది. బేరమాడకుండా కొన్నాడు.

పార్సిల్ గదికే తెప్పించుకున్నాడు. నాణేన్ని నేరుగా త్రాసులో పెట్టి గాజు తలుపు మూశాడు. అంకెలు కాసేపు ఊగి 24.19 దగ్గర నిలబడ్డాయి. ఆరేళ్ళ నాటి చీటీ తీశాడు. రెండు బరువులకూ తేడా 0.12 గ్రాము. గంటన్నర పాలిష్‌కు వెండి మీద పోయేది అంతే. నాణెం మారలేదు. పని తర్వాత బరువు రాయాల్సిన ఖాళీ గడిలో 24.19 అని రాసి, ఆ చీటీ, నాణెం పట్టుకుని చెల్లెలి ఇంటికి వెళ్ళాడు.

ఆమె చీటీ చదివింది. రెండుసార్లు చదివింది.

"ఇన్నేళ్ళు దీని కోసమా తిరిగావు? నేనెప్పుడో నమ్మాను అన్నయ్యా."

"నమ్మకం సంగతి కాదమ్మా. కళ్ళు మూసుకుని వేలు పెట్టి చూడు."

చిన్నప్పుడు తండ్రి ఒళ్ళో కూర్చుని ఆ గుంటలో వేలు పెట్టి ఆడుకున్న పిల్ల ఆమె. కళ్ళు మూసుకుంది. బొటనవేలు రాజు చెంప మీద అటూ ఇటూ తిరిగింది. ఒకసారి నాణెం తిప్పి, రెండో వైపు కూడా తడిమి, మళ్ళీ తిప్పింది.

"చెప్పమ్మా."

"చీటీ ప్రకారం నాన్నదే."

"వేలికి?"

ఆమె కళ్ళు తెరిచి నాణేన్ని అన్న అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "వేలికి ఎవరిదో అన్నట్టుంది అన్నయ్యా."

ఇప్పుడది మేస్త్రి చొక్కా జేబులో ఉంటుంది. అచ్చులు ఆరేలోపు, చక్రం ఆగినప్పుడు, భోజనం దగ్గర, దాన్ని తీసి రాజు చెంప మీద రుద్దుతాడు. మొన్న గోరు అంచుకు తగిలి ర్ర్‌ర్ మంటే వంటింట్లోంచి భార్య అడిగింది.

"మళ్ళీ వచ్చాయా ఎలకలు?"

"కాదు, నేనే."

ఎంత అరిగిందో చూద్దామని సోమవారం సోమవారం నాణేన్ని తూస్తాడు. మొదటి వారం 24.19. నలభయ్యో వారం, అంటే నిన్న, 24.19.