చెప్పులతో లోపలికి రమ్మన్న కాలేజీ

మా చిన్నప్పుడు... తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను పదో తరగతిలో ఉండగా, ఒక శనివారం పొద్దున్నే బాపుతో కలిసి ఆటోలో మక్తల్ డిగ్రీ కాలేజీకి బయలుదేరాను.

మా ఊరి బడి నుంచి కొందరిని ఎంచి, శనివారాలు కాలేజీ పిల్లలతో పాటు సైన్సు పాఠాలు వినమన్నారు. అందులో నా పేరుంది! కానీ అవి పత్తి ఏరే రోజులు... చేలో అమ్మకు తోడు నేనుండాలి.

"ఒక్కపారి నేను సూసొస్త. నాకు నచ్చకుంటే మల్ల అడగొద్దు" అన్నాడు బాపు.

బాపు చిన్నతనంలో దొర వాకిలి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినవాడు. ఆ అలవాటు పోలేదు. కాలేజీ గేటు దగ్గరే చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఆయన్ను చూసి నేనూ విప్పాను. ఇద్దరం ఒట్టికాళ్లతో ఆ మొరం రాళ్ల మీద కుంటుకుంటూ పోతుంటే కాలేజీ పిల్లలు ఏమనుకున్నారో!

ల్యాబు గుమ్మంలో సైన్సు మేడం ఆపింది. అయిపోయింది నా చదువు అనుకున్నాను.

"అన్నా, చెప్పులు తొడుక్కొని రండి. లోపల యాసిడ్ ఉంటది, కాళ్లు కాలుతయ్."

బాపు కదల్లేదు. "తొడుక్కొనే రావాల్నా మేడం?"

"తొడుక్కుంటేనే రానిస్తం."

బాపు చెప్పులు కింద పెట్టి, తొడుక్కుని, మెల్లగా లోపలికి నడిచాడు. ఆయన ముఖం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

మైక్రోస్కోపు కింద ఉల్లిపొర పెట్టారు. కన్ను ఆనించాను... అబ్బ! గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్లలా గదులే గదులు! రోజూ కూరలో వేసే ఉల్లిగడ్డలో ఇంత ఊరుందా! తర్వాత బాపు వంగాడు. ఎంతకీ లేవడే... వెనక పిల్లలు వరుస కట్టారు. సిగ్గంతా నాకే, ఆయనకేం లేదు.

ఇద్దరం ఆటో దగ్గరికొచ్చాం.

"పత్తి నేనూ మీ అమ్మా సూసుకుంటం తియ్యి. నువ్వు శనివారం శనివారం గీడికే రా" అన్నాడు బాపు. అక్కడే, అందరి ముందే ఏడ్చేశాను.

ఇప్పుడు మా ఊరి పిల్లలు ఫోన్లు చూసుకుంటూ అదే ల్యాబు గుమ్మం దాటిపోతుంటారు... వాళ్లకది మామూలు గది. సంతోషమే, కానీ ఆ వింత వాళ్లకు తెలియదే అని చిన్న బెంగ.

మా ఇంట్లో మొదట కాలేజీలో అడుగు పెట్టింది నేనే అంటారు అందరూ. కాదు... నాకంటే ఒక అడుగు ముందు బాపు. మరి మీ ఇంట్లో ఎవరు?