మావకి సాఫ్ట్‌బాల్ చూపించిన రోజు

ఆ రోజుల్లో ‘నాకు తెలియదు’ అన్న మాట ఒక్కటి తప్ప మిగతా మాటలన్నీ నా నోటికి సులువుగానే వచ్చేవి. శ్రీకాకుళంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మా చుట్టాల్లో స్మార్ట్‌ఫోను కొన్న మొదటివాణ్ణి నేనే కావడంతో పడవ ఇంజను మొరాయించినా, పెద్దమ్మ మోకాలు వాచినా అందరూ నాకే ఫోన్ చేసేవారు. నేనూ ఏమాత్రం తడుముకోకుండా సలహా చెప్పేసేవాణ్ణి (తర్వాత ఏమైందని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు, అది వాళ్ళ మంచితనం). అలాంటి రోజుల్లోనే మా మావకి సాఫ్ట్‌బాల్ అర్థమయ్యేలా చెప్పే పని నా నెత్తిన పడింది.

మావంటే మా అమ్మకి స్వయానా అన్నయ్య. సముద్రం మీద వేటకి వెళ్ళే మనిషి. ఆయన ఒక్కగానొక్క కూతురు విజయనగరంలో హాస్టల్లో ఉండి చదువుకునేది. చిన్నప్పటి నుంచీ ఒక్క చోట నిలబడే రకం కాదని ఇంటిల్లిపాదీ దాన్ని బొంగరం అని పిలిచేవాళ్ళం. ఆ బొంగరం కాలేజీలో సాఫ్ట్‌బాల్ జట్టులో చేరింది. బాగా ఆడుతోందట, యూనివర్సిటీ జట్టుకి పంపుతామని వాళ్ళ మేడమ్ అంది. అంటే శిక్షణ శిబిరం, వేరే రాష్ట్రానికి రైలు ప్రయాణం. మావ ససేమిరా అన్నాడు. అది ఫోన్‌లో నా దగ్గర ఏడ్చింది. నేను మావ దగ్గర గంటసేపు వాదించాను. చివరికి ఆయన ఒక తీర్పు చెప్పాడు. “సరేరా. ఒక రోజు ఏట మానీసి వస్తాను. దాని ఆట నా కళ్ళతో సూస్తాను. బాగుందా, ఎల్తాది. లేదా, ఇంక ఆ ఊసు ఎత్తకూడదు.”

కాలేజీల టోర్నమెంటు విజయనగరంలోనే జరుగుతోంది. వెళ్ళే ముందు రోజు “ఏ చోట ఆడతావే?” అని బొంగరాన్ని అడిగితే, “నాను ఎనకాల కూకుంటాను బావా” అంది. వెనకాల కూర్చోవడమంటే బెంచీ మీద అన్నమాట, పాపం చెప్పుకోలేక అలా అంటోందనుకున్నాను. ఈ సంగతి మావకి చెప్పలేదు. ఎవరికైనా కాలు బెణికి దానికి అవకాశం రావాలని మాత్రం అరసవల్లి గుడి వైపు తిరిగి ఒక దణ్ణం పెట్టుకున్నాను.

మర్నాడు మావ, అత్త, నేను బస్సెక్కాం. అత్త చేతిలో నెత్తళ్ళ చేపల వేపుడూ అన్నమూ ఉన్న క్యారేజీ. దారి పొడవునా నేను ఫోన్‌లో ఆట నియమాలు వెతికాను, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. బస్సు దారిలో ఒకసారి ఆగిపోయింది కూడా. మేం మైదానానికి చేరేసరికి ఆట మొదలైపోయింది. తాడు కట్టిన చోట, బ్యాటు పట్టుకున్న అమ్మాయికి కొంచెం వెనకగా, నేల మీద చోటు దొరికింది. బొంగరం వాళ్ళ జట్టు బంతులు వేస్తోంది, అవతలి జట్టు బాదుతోంది. టోపీలు పెట్టుకున్న ముఖాలన్నీ ఒక్కొక్కటిగా పరికించాను. వాటిలో బొంగరం లేదు.

“మన గుంటేదిరా?” అంది అత్త, కూతురి కోసం వెతుకుతూ.

“వస్తాది అత్తా. ముందు ఆట సూడండి. అచ్చం క్రికెట్టే.”

“మరి వికెట్లేవి?” అన్నాడు మావ.

“ఉండవు మావా.”

“మరి ఆ జాలీ కట్టుకున్న పిల్ల ఏటి కాపలా కాస్తన్నాది?”

బ్యాటు అమ్మాయి వెనక ఒక పిల్ల గొంతుక్కూర్చుని ఉంది. ముఖానికి ఇనుప జాలీ, గుండెకి బొంత లాంటి కవచం, కాళ్ళకి రేకుల్లాంటివి. “కీపరు మావా” అన్నాను. “మెత్తటి బంతి ఆటన్నావు, మరి ఇన్ని కట్టుకోడమేటిరా?” అన్నాడాయన. “అది రూలు” అన్నాను, తడుముకోకుండా.

అసలు చిక్కు ఆ జాలీ పిల్లతోనే వచ్చింది. వచ్చిన బంతినల్లా అదే పట్టేస్తుంది. కూర్చున్న చోటి నుంచే, జాలీ లోంచి బొంగురుగా అందరి మీదా అరుస్తుంది, ఎవరెక్కడ నిలబడాలో చేత్తో చూపిస్తుంది. మావకి ఒళ్ళు మండింది. తన కూతురికి దక్కాల్సిన ఆటంతా ఈ పిల్లే లాగేసుకుంటోందని ఆయన లెక్క. “ఎవుల్దిరా ఆ గుంట? నోరు సూడు, మూరెడు! దీన్ని ఇంటికాడ అదుపులో ఎట్టే పెద్దోలు లేరేటి?” అన్నాడు. అత్త కూడా వంత పాడింది. “ఆ తల్లిననాల. ఏటి తిండెట్టి పెంచిందో గానీ ఒలమ్మ, ఆ గొంతేటి!” నాకూ ఏదో ఒకటి అనాలనిపించి, “ఇలాంటివాళ్ళ వల్లే మావా, మనవాళ్ళకి అవకాశాలు రావు” అన్నాను, ఎంతో అనుభవం ఉన్నవాడిలా.

చివరికి మావ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “మన పిల్లని అవతల ఆ టెంటు కింద బెంచీ మీద కూకోబెట్టీసినారు, నాకు తెల్సిపోనాది. ఆడించని ఆటకి ఊళ్ళట్టుకుని తిరగడమెందుకు? లెగండి, పోదుం.” నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. “మావా, ఇంకొక్క రవ్వ. నా మాటిను.” ఆయన వినే స్థితిలో లేడు. అత్త క్యారేజీ తీసుకుని లేవబోతోంది. బొంగరానికి ఏం చెప్పాలో తెలియక నా కళ్ళు చెమర్చాయి.

సరిగ్గా అప్పుడు బ్యాటు అంచుకి తగిలిన బంతి నిటారుగా ఆకాశంలోకి లేచి, మా వైపుకే రావడం మొదలుపెట్టింది. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు చెల్లాచెదురయ్యారు. జాలీ పిల్ల దిగ్గున లేచి, ముఖానున్న జాలీని పీకి అవతల పారేసి, తల పైకెత్తి మా మీదికి పరుగెత్తుకొచ్చింది. మావ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. తాడుకి జానెడు దూరంలో ఆ బంతిని ఒడిసి పట్టి, మోకాళ్ళ మీద జారి ఆగింది ఆ పిల్ల. ఒళ్ళంతా దుమ్ము, ముఖమంతా చెమట. అది మా బొంగరం!

“అమా! నువ్వెప్పుడొచ్చీసినావు?” అంది ఒగరుస్తూ.

అత్త చేతిలోంచి క్యారేజీ జారి పడింది. ఆ క్యాచుతో అవతలివాళ్ళ ఆ విడత బ్యాటింగు ముగిసి, మైదానమంతా ఈలలు. పుట్టినప్పటి నుంచీ ఒక్క చోట కుదురుగా కూర్చోని పిల్ల, అంతసేపు గొంతుక్కూర్చుని ఉంటే మేమెలా పోల్చుకుంటాం చెప్పండి! మావ మెల్లగా తాడు దాటి వెళ్ళి, నేల మీద పడున్న జాలీని తీశాడు. భుజం మీది తువ్వాలుతో దుమ్మంతా తుడిచి కూతురి చేతికిచ్చాడు. అప్పుడు జనం వైపు తిరిగి, “మా గుంటే! ఇది మా గుంటే!” అని అరిచాడు. సముద్రం మీద ఒక పడవ నుంచి ఇంకో పడవకి వినిపించే గొంతు అది. కూతురి గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడున్న అందరికీ తెలిసిపోయింది.

ఆ తర్వాత మమ్మల్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. అవుటైనా అరుపులే, పరుగు తీసినా చప్పట్లే. అవతలి జట్టు మళ్ళీ బ్యాటు పట్టి గెలుపు పరుగు తీసినప్పుడు కూడా మావ లేచి గంతేశాడు. “ఓడిపోయాం మావా” అని నేను చెవిలో చెబితే, “ఎవులు? మనమా?” అని ఒక్క క్షణం ఆగి, “పోన్లే, ఆళ్ళూ ఆడపిల్లలే గదా” అని మళ్ళీ చప్పట్లు కొట్టాడు. తర్వాత మేడమ్ దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకు నిలబడ్డాడు. “మేడమ్‌గోరూ, మా పిల్లని ఏ రైలుకి అంపమంటారు?”

బొంగరం నన్ను పక్కకి లాగింది. “బావా, మా నాన నా మీద ఏటేటో అరిసినాడు, ఇనబడింది. ఎవుర్నో అనుకున్నాను. ఎనకాల కూకుంటానని నీకు ముందే సెప్పినాను గదా?” నేను తల గోక్కున్నాను. “సెప్పినావు. నాకు అర్థం కాలేదు” అన్నాను. నా జీవితంలో ఆ మాట అనడం బహుశా అదే మొదటిసారి. అది పడీపడీ నవ్వింది.

మర్నాడు కాలేజీకి వెళ్ళి ముందు బెంచీలో కూర్చున్నాను. సారు హాజరు పిలిచారు. నా పేరు వచ్చింది. ‘ఎస్ సార్’ అందామని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ముందు రోజు మైదానంలో అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. చెయ్యి ఊపాను, సారు తల ఎత్తలేదు. కళ్ళెదుటే ఉన్న నాకు ఆబ్సెంటు వేసి ముందుకి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆఫీసులో పగలంతా మర్యాదగా, చిన్న గొంతుతో మాట్లాడుతూ ఉంటాను. ఏళ్ళు గడుస్తున్నాయి, నా గొంతు ఒక్కసారి కూడా పోలేదు. ముందు బెంచీలో నోరు తెరుచుకుని, చెయ్యి ఊపుతూ కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయగా కూడా ఉంటుంది.