అన్నయ్యగారి చెయ్యి

మొన్న ఆదివారం రాజమండ్రి నుంచి ఇద్దరు ఇంజినీర్లు వంతెన దాటి మా కొవ్వూరు ఇంటికి వచ్చారు. ఇంట్లో సొంత సెట్టు పెట్టుకుని దూరాలవాళ్ళతో మాట్లాడే హామ్ రేడియోకు కొత్తగా లైసెన్సు తెచ్చుకున్నారట, మోర్సు కూడా నేర్చుకుందామనుకుంటున్నారట, ఈ చుట్టుపక్కల ఆ భాషలో ఇంకా మాట్లాడే ముసలాయన ఒకడు ఉన్నాడని ఎవరో చెప్పారట. నా బల్ల మీద మోర్సు కొట్టే కీలు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి చెక్క పలక మీద బిగించిన ఇత్తడి కీ. రెండోది చిన్న డబ్బా, దానికి ముందు రెండు రెక్కలు, అది ఎలక్ట్రానిక్ కీ. మేము ఏది కొనుక్కుంటే మంచిదండి అని అడిగారు. నేను నోరు విప్పేలోగా వాళ్ళలో పొడుగాటాయన ఇత్తడి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది షోకేసులో పెట్టుకుంటే భలే ఉంటుందండి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మర్యాద తప్పలేదు గాని, కాఫీ ఇచ్చి పంపేశాను. వాళ్ళు వెళ్ళాక కూడా ఆ మంట చల్లారలేదు. వాళ్ళడిగింది ఒక్క మాటలో తేలే సంగతి కాదు. మా తరం వాళ్ళకైతే చెప్పుకోవచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

మోర్సు అంటే అక్షరాలన్నీ చుక్కలూ గీతలే. ఇత్తడి కీని ఇలా నొక్కి అలా వదిలితే చుక్క, కాస్త ఆపి వదిలితే గీత. ఎంతసేపు ఆపాలో చెప్పే యంత్రం ఏదీ ఉండదు, చేతికే తెలియాలి. అందుకని ఏ ఇద్దరి చెయ్యీ ఒకలా ఉండదు, చేతిరాత లాగా. మొహం ఎరగని మనిషిని కూడా రెండు అక్షరాలు వినగానే ఫలానావాడని పోల్చుకునేవాళ్ళం. ఎలక్ట్రానిక్ కీ అలా కాదు. ఒక రెక్క ముట్టుకుంటే చుక్కలు, రెండో రెక్క ముట్టుకుంటే గీతలు, కొలిచి కత్తిరించినట్టు అవే వచ్చేస్తాయి. తప్పు పడదు, చెయ్యి నొప్పెట్టదు. కొట్టింది కొవ్వూరువాడో కాశీవాడో మాత్రం తెలియదు.

నేను చదువుకున్నవాణ్ణి కాను. మా నాన్న గోదావరిలో వల వేసేవాడు, మా అమ్మ బజారులో కత్తిపీట ముందేసుకుని చేపలు అమ్మేది. ఎనిమిదో తరగతిలో బడి మానిపించి నన్ను రాజమండ్రిలో రేడియోలు బాగుచేసే కొట్లో పెట్టారు. ఆ కొట్టు వెనక గోడకు ఆనుకునే తంతి ఆఫీసు. పొద్దస్తమానం అవతల నుంచి టకటకమని చప్పుడు. అందరికీ అది గోల. నాకు మాత్రం పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టూ, నాకొక్కడికే అర్థం కానట్టూ ఉడుకుమోత్తనంగా ఉండేది. ఆ ఉడుకుమోత్తనమే నా బడి. పాత పుస్తకాల షాపులో దొరికిన చిరిగిన పుస్తకంతో చుక్కలూ గీతలూ నేర్చుకున్నాను, వాటి కోసమే ఇంగ్లీషూ నేర్చుకున్నాను. పల్లెకారోడి కొడుక్కి తంతి భాషెందుకురా, పులసలతో మాట్లాడతావా అని మా కొట్టు యజమాని పదిమందిలో అన్నాడు. ఆయన పోయి చాలా కాలమైంది, నా కోపం మాత్రం ఇంకా పోలేదు. పరీక్ష ప్యాసై హామ్ లైసెన్సు తెచ్చుకున్న రోజున ఆయనకు చెప్పకుండానే స్వీట్ల పొట్లం గల్లాపెట్టె మీద పెట్టి నా పని నేను చేసుకున్నాను.

నా పెళ్ళి ఉప్పాడలో అయింది, మా ఆవిడది సముద్రం మీద వేటాడే కుటుంబం. కొన్నేళ్ళకు ఆమె చెల్లెలికి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు సరుకుల ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరు. ఓడల మీద తిరిగేవాడు ఇంటిపట్టున ఉంటాడా అని మా మామగారు నసుగుతుంటే, పట్టుబట్టి ఆ పెళ్ళి చేయించినవాణ్ణి నేను. పిల్ల కోసం కాదు, నా కోసం. నాతో మోర్సులో మాట్లాడే మనిషి ఇంట్లోకి అల్లుడై వస్తుంటే వదులుకుంటానా? పెళ్ళి భోజనాల్లో నాకు ఎదురు వరసలో కూర్చుని ఆయన మంచినీళ్ళ గ్లాసు మీద వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. పప్పులో ఉప్పు లేదు, మామగారి మొహంలో నవ్వు లేదు అని. నాకు పొలమారింది. కొత్తల్లుడు గ్లాసు వాయిస్తున్నాడు, ఏం లోటు జరిగిందోనని మా అత్తగారు పరిగెత్తుకొచ్చి ఇంకో గరిటె నెయ్యి వేసి వెళ్ళింది.

అలా మొదలైంది. ఓడ ఉద్యోగం మానుకుని ఉప్పాడలో స్థిరపడ్డాక ఆయన కూడా హామ్ లైసెన్సు తీసుకున్నాడు. రోజూ పొద్దున్నే, ఇక్కడ నేను, అక్కడ ఆయన. మాట్లాడుకునేది తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఫోన్లు లేని ఆ రోజుల్లో అక్కచెల్లెళ్ళ కబుర్లు కూడా మా చేతుల మీదుగానే నడిచేవి. మా ఆవిడ వంటింట్లోంచి పావుగంటసేపు చెప్పిన చీవాట్లను నేను రెండు ముక్కలకు కుదించి కొడితే, అవతల ఆయన ఒక్క ముక్కకు కుదించి వాళ్ళావిడ చెవిన వేసేవాడు. ఆ అక్కచెల్లెళ్ళ మధ్య ఎన్నడూ పెద్ద తగాదా రాకపోవడానికి కారణం అదేనని మా తోడల్లుళ్ళ నమ్మకం. ఆయన ప్రతి మాట చివరి గీతనూ కాస్త సాగదీసేవాడు, వల తాడు లాగి వదిలినట్టు. నన్నేమో, అన్నయ్యగారూ, మీ అమ్మగారు చేప కోసినట్టు కొడతారండి మీరు అనేవాడు, గబగబా నాలుగు దెబ్బలు, ఒక ఆగుడు. ఉప్పాడలో సముద్రం ఏటేటా ఊరిని కొరుక్కు తింటుంది కదా, ఆయన ఏరియల్ కట్టిన సరుగుడు వాసాలు కూడా ఏటేటా వెనక్కి జరిగేవి. వాసం మార్చానండి అని నవ్వుతున్నట్టే కొట్టేవాడు. ఇల్లు మార్చానండి అని కొట్టిన ఏడు మాత్రం ఆ మాట దగ్గర ఆయన చెయ్యి చాలాసేపు ఆగింది.

ముందు వాళ్ళావిడ పోయింది, తరవాత మా ఆవిడ. ఆ తరవాత ఇద్దరం ఇంకా ముసలివాళ్ళమయ్యాం. ఓడల హోరులో బతికిన చెవులు కాబట్టి ఆయనకు మనిషి మాట వినబడటం మానేసింది. ఫోన్లో ఎంత అరిచినా గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టుంటుందనేవాడు. చూపు మందగించి ఫోన్లో అక్షరాలూ చదవలేడు. హెడ్‌ఫోన్లలో వచ్చే సన్నటి మోర్సు కూత ఒక్కటే ఆయన చెవికి స్పష్టంగా ఆనేది. కొడుకూ కోడలూ బాగానే చూసుకునేవారు, కాని ఆయనతో తీరిగ్గా కబుర్లు చెప్పాలంటే ఈ లోకంలో నేనొక్కణ్ణే మిగిలాను. నాకూ ఆయనొక్కడే. సరిగ్గా అప్పుడు నా కుడిచెయ్యి వణకడం మొదలైంది.

చేతులు వణికితే కాఫీ ఒలుకుతుంది, సంతకం వంకరపోతుంది, వాటికేం. మోర్సులో ఒక చుక్క కొట్టబోతే రెండు పడతాయి, అక్షరమే మారిపోతుంది. లైసెన్సుతో పాటు ఇచ్చే కాల్ సైన్ అంటే గాలిలో మన పేరు, ఆ నా పేరే నేను తప్పు కొట్టడం మొదలుపెట్టాను. పై ఊళ్ళవాళ్ళు జవాబివ్వడం మానేశారు. మా తోడల్లుడు మాత్రం మళ్ళీ కొట్టండి, మళ్ళీ కొట్టండి అంటూ ఓపిగ్గా కూర్చునేవాడు. ఒక్కో మాటకు మూడేసిసార్లు. పెద్దమనిషిని రోజూ అంత కష్టపెడుతున్నానని నాకు తల కొట్టేసినట్టుండేది. మా మేనల్లుడు కరెంటాఫీసులో ఇంజినీరు, నా అవస్థ చూసి ఎలక్ట్రానిక్ కీ తెచ్చిచ్చాడు. ఆ రోజు వాణ్ణి నానా మాటలూ అన్నాను, నాకు కర్ర చేతికిస్తున్నావురా అన్నాను. డబ్బా మాత్రం వెనక్కివ్వలేదు. తలుపేసుకుని కొన్ని వారాలు సాధన చేశాను. రెక్కలు బిగించి, అరచెయ్యి బల్లకు ఆనించి పట్టుకుంటే వణుకు దాటుకుని అక్షరం నిఖార్సుగా వచ్చేది. బలే ఆశ్చర్యపడతాడు అనుకుంటూ ఒక పొద్దున్న ఆ కీతో ఆయన్ను పిలిచాను.

జవాబు రాలేదు. మళ్ళీ పిలిచాను. అప్పుడు ఆయన చెయ్యి వినపడింది, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా.

"ఎవరండీ మీరు? ఇది మా అన్నయ్యగారి కాల్ సైన్."

నేనేనండీ అన్నాను. ఆయన నమ్మలేదు. మా అన్నయ్యగారి చెయ్యి నాకు తెలుసు, మీరెవరో గాని ఆయన కుర్చీలో కూర్చున్నారు, ఆయన పోయారా, అది చెప్పండి చాలు అన్నాడు. నేను కోపంతో ఇంకా గబగబా కొడుతున్నకొద్దీ ఆ యంత్రం ఇంకా నున్నగా, ఇంకా పరాయిగా పలికింది. ఆయన సెట్టు కట్టేశాడు.

నా ఇంట్లో నా కుర్చీలో కూర్చుని, నా సొంత కాల్ సైన్‌తో, నేను బతికి ఉన్నానని ఒప్పించలేకపోయాను. కోపం తలకెక్కింది. ఫోన్ చేసి వాళ్ళ కోడలితో, నేను బతికే ఉన్నానమ్మా, మీ మావయ్యకు చెప్పు అనాలా? అంత ఖర్మ నాకేంటి అనుకున్నాను. ఆ రోజంతా అన్నం కూడా సహించలేదు. కోపం దిగాక మిగిలింది భయం. రేపటి నుంచి ఆయన సెట్టు పెట్టకపోతే నాకిక పొద్దున్న అనేదే ఉండదు.

మర్నాడు ఇత్తడి కీ ముందుకు లాక్కున్నాను. ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుని కొట్టాను. చుక్కలు రెండేసి పడ్డాయి, గీతలు ముక్కలయ్యాయి, ఆ పలికిందేమిటో నాకే తెలియలేదు. కాల్ సైన్ సగం కూడా పూర్తికాకుండానే ఆయన అందుకున్నాడు.

"మీరు పోయారని నిన్న తలస్నానం చేశానండీ. కాకి గాని తన్నిందా, చావు కబురు పంపారు?"

కాకి తలమీద తన్నితే దోషం పోవడానికి అయినవాళ్ళకు ఉత్తుత్తి చావు కబురు పంపి ఏడిపించడం మా వైపు ఆచారం. నిజంగానే ఏడ్చానని ఆయన అనలేదు. కొడుకు వేట నుంచి రాగానే ఫోన్ చేయించి, దినం ఎప్పుడో కనుక్కుందామని కూర్చున్నాడట. నా చెయ్యి సంగతీ, ఆ డబ్బా సంగతీ విని ఇలా కొట్టాడు.

"ఇదే కొట్టండి అన్నయ్యగారూ. వణుకు తీసేసి మిగతాది నేను చదువుకుంటాను."

ఆ తరవాత ఆయన ఉన్నన్నాళ్ళూ అలాగే జరిగింది. లోకానికి ఎలక్ట్రానిక్ కీ, ఆయనకు ఇత్తడి కీ. రానురాను నా వణుకు ఆయనకు ఎంత బాగా పట్టుబడిందంటే, మళ్ళీ కొట్టండి అనడం కూడా మానేశాడు. పైగా, ఒక చుక్కకు నాలుగు పడ్డాయంటే ఇవాళ మందు వేసుకోలేదన్నమాట అని కోప్పడేవాడు. డాక్టరుకు కూడా అంత తెలియదు.

పోయిన వానాకాలంలో ఆయన వెళ్ళిపోయాడు. కోడలు ఫోన్ చేసి చెప్పింది, వెళ్ళొచ్చాను. మామయ్యగారి సెట్టు మీరు తీసుకెళ్ళండి అంది. నాకెందుకమ్మా, అవతల ఎవరున్నారు అన్నాను. తిరిగొచ్చాక కొన్నాళ్ళు ఇత్తడి కీతోనే అందరినీ పిలిచి చూశాను. తెలియలేదు, మళ్ళీ చెప్పండి అన్నవాళ్ళు ఒకరిద్దరు, మిగతావాళ్ళు ఆ మాత్రం కూడా అనలేదు. వాళ్ళ తప్పేముంది, ఆ వణుకు ఎవరు నేర్చుకుంటారు?

ఇప్పుడు అన్నీ ఎలక్ట్రానిక్ కీ మీదే. రోజూ పొద్దున్నే కూర్చుంటాను. నెల్లూరు నుంచో సింహళం నుంచో ఎవరో ఒకరు పలుకుతారు. మీ కోడ్ చాలా శుభ్రంగా ఉందండి అని మెచ్చుకుంటారు, అక్కడి వానా ఎండా చెబుతారు, సెలవంటారు. అందరి చెయ్యీ ఒక్కటే చెయ్యి, నాదీ అదే. రేపు నేను పోయాక ఎవరైనా ఈ కుర్చీలో కూర్చుని, ఈ డబ్బాతో, నా కాల్ సైన్‌తో పిలిస్తే వాళ్ళు అలాగే పలుకుతారు, శుభ్రంగా ఉందంటారు, వానా ఎండా చెబుతారు. మీరెవరండీ అని మాత్రం ఎవరూ అడగరు.