అల్లుడి ఎదుట అడిగిన ప్రశ్నలు

ఇది అప్పుడే రాయవలసింది. కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు అన్నయ్యను బడికి పంపారు, నన్ను గేదెల వెంట పంపారు. అరవై దాటాక మనవరాలి పలక మీద దిద్దుకుని, ఇప్పుడు రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో సంగతి. నాన్న పోయాక అమ్మ వినగడపలో రెండు గేదెలను పెట్టుకుని ఒక్కతే ఉండేది. మా కాపురం తిరువూరులో. ఒకసారి జ్వరపడి లేచాక అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. గిన్నె మాడిపోయి, పక్కన పేర్చిన పుల్లలు అంటుకున్నాయి. ఇరుగుపొరుగు చూశారు కాబట్టి సరిపోయింది. మతిమరుపుకు మందిచ్చే పెద్ద డాక్టరు బెజవాడలో ఉన్నాడంటే తీసుకెళ్లాం. ఆయనది ఉత్తరాది, తెలుగు రాదు. మాలో ఇంగ్లీషు వచ్చింది మా ఆయనకొక్కరికే.

అమ్మ అల్లుడి ఎదుటికి వచ్చేది కాదు. ఆయన వస్తే తలుపు చాటుకు వెళ్లి, ఏం చెప్పాలన్నా నాతో చెప్పించేది. డాక్టరు గదిలో చాటు లేదు. కొంగు తల మీదికి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చుంది.

డాక్టరు అడుగుతుంటే మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ తెలుగులో చెప్పేవారు.

"ఇది ఏ సంవత్సరమండీ, అత్తయ్యగారూ?"

పలుకు లేదు.

"తాళంచెవి, గొడుగు, అరటిపండు. ఈ మూడూ గుర్తుపెట్టుకుని మళ్లీ చెప్పాలంటండీ."

వందలోంచి ఏడు తియ్యమంటే అమ్మ కొంగు ఇంకాస్త కిందికి దించుకుంది.

"అమ్మ అల్లుడి ముందు మాట్లాడదండీ," అన్నాను డాక్టరుతో. మా ఆయన ఆ మాట ఇంగ్లీషులో చెప్పారో లేదో నాకు తెలియదు. మతి బాగా దెబ్బతిందనీ, ఒంటరిగా ఉంచొద్దనీ డాక్టరు చెప్పాడు.

తిరుగు బస్సులో మా ఆయన ముందు సీటుకు వెళ్లాక అమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"తాళంచెవి, గొడుగు, అరటిపండు. మతి పోయిందంట నాకు. అల్లుడి ముందు నోరెట్టా తెరిచేదే?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎ.కొండూరు దాటి తిరువూరు దగ్గరపడ్డాక కిటికీలోంచి చూసి, "బెజవాడ ఇంకెంత దూరమే?" అని అడిగింది. కునికిపాటులో అన్నదో, నిజంగానే తెలియలేదో.

తిరువూరులో మా ఇంటి దగ్గర అన్నయ్య కాసుకుని ఉన్నాడు. డాక్టరు మాట విని, "అయితే వినగడపలో ఇంటికి తాళమేసి గేదెల్ని అమ్మేద్దాం బావా. ఎల్లుండి బేరగాణ్ణి రమ్మంటా," అన్నాడు.

తలుపు చాటు నుంచి అమ్మ నాతో, "గేదెలు నన్ను ఇంగ్లీషులో అడగవని చెప్పవే వాడికి," అంది.

మా ఆయన, అన్నయ్య ఇద్దరూ నవ్వారు.

"మరి పాలగిన్నె సంగతో?" అన్నాడు అన్నయ్య.

మతి పోలేదని నేను ఒట్టు వేయలేను. అమ్మ నోరు విప్పేలా ఇంతవరకూ ఎవరూ అడగలేదని మాత్రం తెలుసు.

మర్నాడు తెల్లవారగానే మా వీధి చివర ఉండే ఆడపిల్లల బడి పంతులమ్మగారి తలుపు తట్టాను. ఆవిడకు ఇంగ్లీషు వచ్చు. జరిగింది చెప్పి, "ఒక్క పూట నాతో బెజవాడ రండమ్మా," అన్నాను. మా ఆయనను ఇంటి దగ్గరే ఉండమన్నాను. ఆయనకు అట్లా చెప్పడం అదే మొదలు. మొదటి బస్సులో అమ్మను కిటికీ పక్కన, పంతులమ్మగారిని అమ్మ పక్కన కూర్చోబెట్టి, అమ్మ ఆవిడతో ఏం మాట్లాడుతుందో వినడానికి నేను వెనక సీట్లో కూర్చున్నాను.