సన్యాసిరావు గారు నడిపిన గడియారాలు

చోడవరంలో అందరూ కాటా సన్యాసిరావు గారని పిలుచుకునే పెద్దాయన దివంగతులయ్యారన్న కబురు నాకు అనకాపల్లి వెళ్ళే బస్సులో అందింది. తెల్లవారుజామున నిద్రలోనే ప్రాణం పోయిందని ఆయన అల్లుడు ఫోనులో చెప్పాడు. నేను “అలాగా” అన్నాను. ఎందుకలా అన్నానో నాకిప్పటికీ తెలియదు. దిగవలసిన స్టాపు దాటిపోయాక గాని సీటులోంచి లేవలేదు. ఇలాంటి వ్యాసాల్లో అశ్రునయనాలతో అని మొదలుపెట్టడం ఆనవాయితీ. నిన్నటిదాకా నాకు ఒక్క కన్నీటి బొట్టు రాలేదు. మనసు మొద్దుబారి ఉండింది, అంతే.

చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గర చెరకు బళ్ళు తూచే గుమాస్తాగానే ఆయన ఉద్యోగ జీవితమంతా గడిచింది. బండిని నిండుగా ఒకసారి, సరుకు దించాక ఖాళీగా మరొకసారి తూచి, ఆ తేడాను మాత్రమే చెరకుగా రాయడం అక్కడి పద్ధతి. ఆ పద్ధతి ఆయనకు ఉద్యోగధర్మం కాదు, జీవధర్మం. “కాటా మీదకి మా బావమరిది బండొచ్చినా బండే బాబూ” అనేవారు. ఆ మాటకు బావమరిది కొన్నేళ్ళపాటు ఆయన గడప తొక్కలేదట.

నాకు ఆయనతో సాన్నిహిత్యం పాత సెల్లుల మూలంగా కలిగింది. రిమోట్లలో, టార్చిలైట్లలో, పిల్లల బొమ్మల్లో వాడి పడేసే చిన్న బ్యాటరీలను వాటిని తయారుచేసిన కంపెనీలే వెనక్కి తీసుకోవాలన్నది నిబంధన. కంపెనీలు స్వయంగా ఊరూరా తిరగవు; డబ్బిచ్చి ఆ పనిని వేరే సంస్థలకు అప్పగిస్తాయి. అలాంటి ఒక సంస్థలో ఈ ప్రాంతానికి నేను పర్యవేక్షకుణ్ణి. గ్రంథాలయం వరండాలో ఒక ఆకుపచ్చ పెట్టె పెట్టించాను. రోజూ పేపరు చదవడానికి వచ్చే సన్యాసిరావు గారు ఎవరూ అడగకుండానే దాని బాధ్యత నెత్తినేసుకున్నారు. సెల్లులు ఒకదానికొకటి తగిలి వేడెక్కకుండా కొసలకు టేపు అంటించాలని మా కరపత్రంలో ఉంటుంది. ఆ కరపత్రాన్ని ఆసాంతం చదివి పాటించిన మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను.

ఒకనాడు వెళ్ళేసరికి, డొప్ప ఊడదీసిన గోడగడియారం మిషనును ఒళ్ళో పెట్టుకుని, పెట్టెలోని సెల్లులు ఒక్కొక్కటే అందులో వేసి చూస్తున్నారు.

“ఏంటి మావయ్యా ఇది?” అన్నాను.

“రిమోటుకి పనికిరాకపోతే సచ్చిపోనట్టేనా బాబూ? సూడు, ముల్లు ఎలా తిరుగుతందో. ఇంకో నాలుగు నెల్లు గడియారాన్ని లాగీగలదు. పేనమున్నదాన్ని పెట్టిలో ఎలా ఏసీమంటావు?”

అలా ప్రాణమున్న సెల్లులను ఏరి చొక్కా జేబులో వేసుకుని టీ దుకాణంలో, టైలరు షాపులో, గ్రంథాలయంలో, తెలిసినవాళ్ళ ఇళ్ళలో గడియారాలకు వేసి వచ్చేవారు. వేసి ఊరుకునేవారు కాదు. అప్పుడప్పుడూ వెళ్ళి, పాత సెల్లు కారి తెల్లటి పొడి పడుతోందేమోనని మూత తీసి చూసేవారు. మా ఇంటి గడియారం కూడా ఆయన జేబులోంచి వచ్చిన సెల్లులతోనే నడిచింది.

మా సంస్థకు కావలసింది మాత్రం బరువు. ఎంత బరువు సేకరించామో చూపిస్తేనే కంపెనీలు డబ్బిస్తాయి. మిగతా ఊళ్ళవాళ్ళు పెట్టెతో సహా తూచి రాసేవారు. సన్యాసిరావు గారు పెట్టె బరువు తీసేసేవారు. చెరకుకు అంటిన మట్టికి తగ్గించినట్టే సెల్లులకు అంటిన తుప్పుకూ ఇంత అని తగ్గించేవారు. పైగా ప్రాణమున్నవి గడియారాల పాలు. ఇంకేముంది, మా జాబితాలో చోడవరం అట్టడుగుకు చేరింది. సెల్లులు పట్టుకెళ్ళే మా బండికి డీజిలు దండగ, ఆ పెట్టె ఎత్తేయమని పైనుంచి మాట వచ్చింది. ఆ సిఫారసు కాగితం మీద సంతకం పెట్టింది నేనే. “కొన్నాళ్ళే మావయ్యా, మళ్ళీ బండి వస్తుంది” అని ఆయన ముఖం చూస్తూ అబద్ధం చెప్పిందీ నేనే.

ఆయన నమ్మారు. ఇంట్లో ఒక నూనె డబ్బా పెట్టుకుని సేకరణ కొనసాగించారు. రెండేళ్ళపాటు కనిపించినప్పుడల్లా “బండెప్పుడొస్తాది బాబూ?” అని అడగడం, “వచ్చే నెల” అని నేననడం. కోప్పడి ఉంటే నాకు సుఖంగా ఉండేది. “కంపెనీవోళ్ళకి ఊళ్ళు సాలా ఉంటాయి కదా, మన వంతొచ్చీదాకా ఆగాల” అని ఆయనే నన్ను సముదాయించేవారు.

పదకొండో రోజు భోజనాలయ్యాక ఆయన భార్య పైడితల్లమ్మ గారు నన్ను పెరటి వైపు పిలిచి ఆ డబ్బా చూపించారు. నిండుగా ఉంది. ప్రతి సెల్లు కొసకూ టేపు ఉంది.

“అల్లుడు గెడ్డ నీల్లలో పారబోసీమంటన్నాడు. పాత సామాన్లోడు మాకొద్దన్నాడు. మీ మావయ్య నీ బండి కోసరమే ఉంచేడు. ఏటి సెయ్యమంటావు బాబూ?”

“బండి రాదత్తా. రెండేళ్ళ కిందటే ఆపేశారు. నాకు తెలుసు” అన్నాను.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. డబ్బా వైపు చూసి, “ఆ మాట అప్పుడే సెప్పీసుంటే ఆయనే బస్సులో అట్టుకెల్లీవోడు కదా” అన్నారు.

నిజమే. అంత సులువైన పని.

నిన్న ఆ డబ్బాను బస్సులో విశాఖపట్నంలోని మా కార్యాలయానికి తీసుకువెళ్ళాను. అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి డబ్బాతో సహా కాటా మీద పెట్టి అంకె రాసుకోబోయింది.

“డబ్బా బరువు తియ్యమ్మా.”

“పర్లేదు సార్, ఎక్కువుంటే మనకే మంచిది కదా.”

ఆమె సెల్లులను సంచిలోకి ఒంపి, ఖాళీ డబ్బాను తూచి, తేడా రాసేదాకా అక్కడే నిలబడ్డాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను అలా నిలబడటం అదే మొదటిసారి. ఇక అవి ప్లాంటుకు వెళతాయి. అక్కడ రకాలవారీగా విడదీసి, నలిపి, జింకు, మాంగనీసు వంటివి వెలికితీస్తారు. ఈ సంగతి మావయ్యకు ఎంతో ఇష్టం. వినేవాళ్ళు దొరికితే చాలు, తానే కనిపెట్టినట్టు చెప్పేవారు.

అటువంటి సత్యసంధుడు మళ్ళీ పుట్టడని ఘనంగా రాయాలని కూర్చున్నాను. చెయ్యి రావడం లేదు. గ్రంథాలయంలో గడియారం ఆగిపోయింది, టీ దుకాణంలోదీ ఆగిపోయింది, వాటి మూత తీసి చూసే మనిషి ఈ ఊళ్ళో ఇక లేడు. నేను అర్పించగల నివాళి ఈ వార్తే.

నిన్న సాయంత్రం ఖాళీ డబ్బాతో ఇల్లు చేరేసరికి మా గడియారమూ ఆగి ఉంది. సెల్లు తీసి, అలవాటుగా గుప్పిట్లో పట్టుకుని ఆయన ఇంటికి బయలుదేరాను. గేటు దాకా వెళ్ళాక గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి, టేపు వెతికి, కొసలకు అంటించి డబ్బాలో వేశాను. ఖాళీ డబ్బాలో ఒక్క సెల్లు పడితే అంత చప్పుడవుతుందని అనుకోలేదు. అప్పుడొచ్చింది, ఇన్నాళ్ళూ రాని ఏడుపు.